రేవు వైపు విశాఖ, మామయ్యతో మూడు రోజులు

విశాఖ నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రి పనులకీ, పిల్లలకి సబ్‌మెరైన్ చూపించడానికీ ఏడాదికోసారైనా వెళ్తూనే ఉంటాం. వెళ్ళినప్పుడల్లా ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం, మళ్ళీ ఇంటిదారి. ఈసారి మామయ్య వెంట వెళ్ళడంతో లెక్క మారింది. ఆయన ఓడలు కట్టే సింధియా యార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక కాకినాడ వచ్చేశాడు. అత్తయ్య పోయాక ఊరు కదల్లేదు. “బీచ్ మనూళ్ళోనూ ఉంది అల్లుడూ. నాకు రేవు చూపించు, చాలు” అన్నాడు.

సామర్లకోటలో రత్నాచల్ ఎక్కాం. దువ్వాడ దాటాక మామయ్య కిటికీకి అతుక్కుపోయాడు. పక్క పట్టాల మీద ఖనిజం వ్యాగన్లు, ఎర్ర దుమ్ము కొట్టుకుపోయి, తోక కనిపించనంత పొడుగు. పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ముప్పై ఎనిమిది దగ్గర నేను మంచినీళ్ళు కావాలా అని అడిగాను. “లెక్క తప్పించావు కదరా” అని విసుక్కున్నాడు.

మొదటి రాత్రి బస ఆయన పంతం మీద పాత ఊరు, అంటే వన్‌టౌన్‌లోనే. పేరు ఎందుకులెండి, పాత మేడని లాడ్జిగా మార్చారు. నాన్ ఏసీ గది పదకొండు వందలు. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. మంచి మాటలు అక్కడితో సరి. గీజరు పనిచేయదు. వేడినీళ్ళ బకెట్ తెస్తానన్న కుర్రాడు మూడోసారి పిలిస్తే గానీ రాలేదు. రాత్రంతా లారీల హారన్లు. పొద్దున్న బాల్కనీ కమ్మీ మీద చెయ్యి వేస్తే అరచేతికి కాటుక అంటుకున్నట్టయింది. బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము గురించి పాత ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారని పేపర్లో చదివేవాణ్ణి. రాత్రి ఉతికి ఆరేసిన తెల్ల లుంగీ మీద చూశాక బాగా అర్థమైంది. మామయ్య మాత్రం దాన్ని ఓసారి దులిపి, “మీ అత్తయ్య రోజుకి మూడుసార్లు గచ్చు తుడిచేది” అన్నాడంతే.

ఆ లాడ్జిలో మళ్ళీ దిగను. వన్‌టౌన్‌లో తిరగడానికైతే ఎన్నిసార్లైనా వెళ్తాను. కోటవీధిలో ఇప్పుడు కోట లేదు, వీధి పేరు మిగిలింది. ఇంగ్లిషువాళ్ళ వర్తకం మొదలైంది ఈ సందుల్లోనే. విక్టోరియా రాణి విగ్రహాన్ని ఇక్కడివాళ్ళు రాణీ బొమ్మ అంటారు. ఆటోవాళ్ళకి కూడా అదే చెప్పాలి. కురుపాం మార్కెట్ దగ్గర సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా స్కూటరొస్తే ఎవరో ఒకరు కొట్టు మెట్టెక్కాల్సిందే. సాయంత్రం ఆరింటికి అగరొత్తులు, పసుపు, కొత్త ఇత్తడి వాసన. బీచ్ రోడ్డులో లేని వయసు ఈ వీధులకుంది.

రెండో రోజు తెల్లవారుజామున ఐదింటికి ఫిషింగ్ హార్బర్. మీ ప్లానులో ఏది తీసేసినా ఇది తీయకండి. కాళ్ళకి రబ్బరు చెప్పులే వేసుకోండి, నేను షూ వేసుకుని చెడ్డాను. చేప రక్తం, ఐసు నీళ్ళు, డీజిలు కలిసిన నేల అది. మరపడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడతాయి, తట్టలు చేతులు మారుతుంటాయి, వేలం పాట మామూలు చెవికి అందదు. ఒకావిడ సూర చేపల కుప్ప ముందు కూర్చుని బొటనవేలితో మొప్ప ఎత్తి చూస్తోంది. ఎర్రగా ఉంటే పక్కకి, రంగు పాలిపోతే వెనక్కి. తలెత్తకుండానే పాటగాడికి రెండు వేళ్ళు చూపించింది, కుప్ప ఆవిడదైపోయింది. ఇంత బేరం ఇంత మౌనంగా జరగడం నేనెక్కడా చూడలేదు. 2023 నవంబరులో ఇక్కడ ఒక రాత్రి మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఇప్పుడు చూస్తే ఆ ఆనవాలు లేదు, జనం మాటల్లో మాత్రం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో వచ్చి హార్బర్ బోసిగా ఉందని తిట్టుకోవద్దు.

అక్కణ్ణుంచి కొండల దగ్గరికి. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు వరసగా ఉంటాయి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, మధ్యలో ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకో దాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఆ గుడి కట్టించింది బ్లాక్‌మూర్ అనే ఇంగ్లిషు కెప్టెన్ అని చెబుతారు. సరుకు దింపుకుని వెళ్ళే నావికులు దర్గాకి మొక్కుకుంటారనీ చెబుతారు. మామయ్య మూడింటికీ ఎక్కి, మూడు చోట్లా చెప్పులు విప్పి, మూడు చోట్లా ఒకే దణ్ణం పెట్టాడు. సమయం తక్కువుంటే వేంకటేశ్వర కొండ ఒక్కటి ఎక్కినా చాలు. కిందనే ఛానల్. ఓడ లోపలికి వస్తుంటే దాన్ని లాగే టగ్గు మీద మనిషి చొక్కా రంగు కూడా తెలుస్తుంది.

ఊరి కథ కూడా అక్కణ్ణుంచే తేలిగ్గా అర్థమవుతుంది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాపి అలల్ని అడ్డుకుంటోంది. దాని వెనక ఒకప్పుడు ఉప్పుటేరు, బురద, మడ. ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు పడవల్లో ఒడ్డుకి చేరేది. మధ్య పరగణాల మాంగనీసుని సముద్రానికి చేర్చే దారి కావాల్సొచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ బురదని తవ్వించింది. రాయపూర్ నుంచి విజయనగరం లైను 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే స్టీమరు మొదటిసారి లోపలికొచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా తెరిచాడు. ముఖద్వారంలో ఇసక మేట వేయకుండా, అలలు లోపలికి రాకుండా ఏం చేశారో తెలుసా? రెండు ముసలి ఓడల్ని రాళ్ళతో నింపి కావాలనే ముంచేశారు. అవే అడ్డుగోడ.

మామయ్యకి ఇవన్నీ నోటికొచ్చు. ఆ జలదుర్గ సింధియా స్టీమ్ నేవిగేషన్ వాళ్ళది. అదే కంపెనీకి చెందిన వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ ఓడలు కట్టే యార్డు పెట్టాడు. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. పేలని బాంబొకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. మళ్ళీ 1960లలో అదే జపాన్‌కి బస్తర్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం పంపడానికే కొత్తవలస నుంచి కిరండూల్‌కి కొండలు తొలిచి లైను వేశారు. వేరే ఊరైతే ఈ విషయం గురించి కథలు కథలుగా చెప్పుకునేది. విశాఖకి తీరిక లేదు.

మధ్యాహ్నం సింధియా. 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడే జల ఉష అనే ఓడని నీళ్ళలోకి వదిలాడు. 1952లో ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. బోర్డు మారి డెబ్భై ఏళ్ళు దాటింది, బస్సు కండక్టరు ఇంకా “సింధియా, సింధియా” అనే అరుస్తాడు. లోపలికి మనలాంటివాళ్ళకి ప్రవేశం ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. మామయ్య గేటు ఎదురుగా రోడ్డుకి ఇవతల నిలబడి చూశాడు. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, “ఏటి బావు, సింధియాలో చేసినోరా?” అన్నాడు. ఎలా తెలిసిందంటే, “అందరూ అక్కడే నిలబడతారు” అన్నాడు.

అక్కణ్ణుంచి మల్కాపురం, శ్రీహరిపురం వరకూ ఊరు వేరే ఊరు. 1957 నాటి రిఫైనరీ, 1967 నాటి ఎరువుల ఫ్యాక్టరీ, నేవీ డాక్‌యార్డు, ఇంకా అవతల గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. దేనికదే ఒక కాలనీని, ఒక మార్కెట్టుని, ఒక టిఫిన్ వేళని తెచ్చుకుంది. ఇక్కడ ఊరు షిఫ్టు ప్రకారం నిద్ర లేస్తుంది. నాలుగున్నరకే ఇడ్లీ పాత్ర పొగలు కక్కుతుంది, రాత్రి పదకొండింటికి పరోటా పెనం వేడిగానే ఉంటుంది. ఒడియా, బెంగాలీ, హిందీ, మన శ్రీకాకుళం యాస, అన్నీ ఒకే క్యూలో. ఒక చిన్న మెస్‌లో కోనాం చేప పులుసుతో భోజనం నూట నలభై. అన్నం అడక్కుండానే రెండోసారి వడ్డించారు. అంతకు ముందు రోజు రాత్రి బీచ్ వైపు ఏసీ హోటల్లో దీనికి నాలుగింతలు పెట్టి, మసాలాలో చేపని వెతుక్కున్నాం.

డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ సాయంత్రం మూడింటి నుంచి ఐదు వరకే చూడనిస్తారు, బయల్దేరేముందు ఒకసారి కనుక్కోండి. నేవీ ప్రాంతం, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. పైకెక్కితే ఒకపక్క క్రేన్లు, చమురు ట్యాంకులు, ఛానల్. ఇంకోపక్క యారాడ కొబ్బరితోటలు, మనిషి జాడ లేని ఇసక. అన్ని ఫ్యాక్టరీలకీ అంత పచ్చదనానికీ మధ్య ఉన్నది ఒక్క కొండ. ఆటో మాత్రం కట్టుకోవద్దు. వెయిటింగుతో కలిపి ఆరు వందలని ఒప్పుకున్నవాడు, దిగేటప్పుడు ఘాట్ రోడ్డని ఇంకో రెండు వందలు పట్టుబట్టాడు. నేను నూట యాభైకి తెగ్గొట్టాను, మామయ్య మిగిలిన యాభై నాకు తెలియకుండా ఇచ్చేశాడు. ఇద్దరు దాటితే సగం రోజుకి కారు మాట్లాడుకోవడమే మేలు.

ఆ రాత్రి డాబాగార్డెన్స్‌కి మారాం. రెండు వేల రెండు వందలు, ఏసీ, శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్ళు తిప్పగానే వచ్చాయి. పొద్దున్న టిఫిన్ ఉచితం, కాఫీ మాత్రం నోట పెట్టలేం. నా మటుకు ఇదే సరైన బస. ఇక్కణ్ణుంచి వన్‌టౌన్‌కి ఆటోలో పదినిమిషాలు, స్టేషన్ దగ్గర, బీచ్ కూడా దూరం కాదు. సముద్రం కనిపించే గదికి రెట్టింపు పోయడం దండగ. విశాఖలో సముద్రం ఎటూ కనిపిస్తూనే ఉంటుంది.

మూడో రోజు భీమిలి. స్టేషన్ దగ్గర 900కె బస్సెక్కితే బీచ్ రోడ్డు వెంట తీసుకెళ్తుంది. ఎక్కేటప్పుడే కుడివైపు కిటికీ పట్టుకోండి. రుషికొండని మేం బస్సులోంచే చూశాం, దిగాలనిపించలేదు. భీమిలి ఒకప్పుడు విశాఖతో పోటీపడిన రేవు. 1600లలో డచ్చివాళ్ళు వర్తకం పెట్టారు, వాళ్ళ సమాధుల్లో 1661 నాటివి కూడా ఉన్నాయి. 1861 నాటికే మునిసిపాలిటీ. రైలు మాత్రం ఈ ఊరికి రాలేదు. పట్టాలు ఎటు వెళ్తే సరుకు అటే వెళ్ళింది. ఇప్పుడు గడియార స్తంభం, పాత లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోట నాలుగు పడవలు. శ్మశానంలో ఉప్పుగాలికి అక్షరాలు సగం అరిగాయి. సమాధుల మధ్య ఎవరో వలలు ఆరేసుకున్నారు. మామయ్య పది నిమిషాల్లో “ఇక్కడ చప్పుడు లేదేంటిరా” అని బస్టాండ్ వైపు నడిచాడు. నాకు నచ్చింది. ఒక పూటకి హాయిగా ఉంటుంది, రాత్రి ఉండాల్సినంత లేదు.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. స్టేషన్ బయట మురీ మిక్చర్ కట్టించుకున్నాం, ఉల్లిపాయ, నిమ్మకాయ దండిగా. మర్రిపాలెం దాటుతుండగా ఎదురుగా మళ్ళీ ఖనిజం బండి. మామయ్య మిక్చర్ పొట్లం నా చేతిలో పెట్టి, “మాట్లాడకు” అన్నాడు. నేను మాట్లాడలేదు. యాభై ఎనిమిది దాకా వచ్చాడు, గార్డు వ్యాను కనిపించింది. “వాడు ఒక వ్యాగను తక్కువ కట్టాడా, నేనే తప్పానా” అంటూ సామర్లకోట దాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు.