సీటు 1ఎ కాస్తా 7కె అయింది

ఆరేళ్ళుగా దూరప్రయాణాలకు ఫస్ట్ క్లాస్ బుక్ చేస్తున్నాను. ఏటా ఒక్కసారి, అదీ చాలావరకు కూడబెట్టుకున్న మైళ్ళతోనే (విమాన సంస్థలు ఇచ్చే పాయింట్లు, వాటితో టికెట్ తీసుకోవచ్చు). సీటు ఎంత వెడల్పు, దుప్పటి ఎంత మెత్తన అన్నవి అందరూ రాసేశారు. నా గోడు వేరే. టికెట్ కొన్నాక విమానమే మారిపోతే?

పోయినసారి పది నెలల ముందే తీసుకున్నాను. బోయింగ్ 777-300ఈఆర్, ఫస్ట్‌లో 8 సీట్లే, అందులో 1ఎ నాది. ఇంత ముందుగా చేసుకుంటే ఏ టెన్షనూ ఉండదని నలుగురికీ చెప్పాను కూడా. నాలుగు నెలలకు ఒక మెయిల్ వచ్చింది, ప్రయాణ సమయంలో స్వల్ప మార్పు అని. పది నిమిషాలు ఆలస్యం, అంతే కదా అని వదిలేశాను. మూడు వారాల తర్వాత భోజనం ఎంచుకుందామని బుకింగ్ తెరిస్తే నా సీటు 7కె, అదీ బిజినెస్ క్లాస్‌లో! ఆ రోజుకి వేరే విమానం వేశారు, దాంట్లో అసలు ఫస్ట్ క్యాబినే లేదు. మెయిల్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు.

ఫోన్ చేస్తే, "బిజినెస్‌లో కూడా సీటు మంచంలా పరుచుకుంటుందండీ" అని ఓదార్పు. పరుచుకుంటుంది, కాదనను. నేను అన్ని మైళ్ళు పోసింది దానికి కాదు కదా. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళే ప్రయాణం 3,500 కిలోమీటర్లు దాటితే, కింది తరగతిలో కూర్చోబెట్టినందుకు 261/2004 నిబంధన ప్రకారం టికెట్ ధరలో 75 శాతం వెనక్కివ్వాలి. నాది ఆ దారి కాదు.

చివరికి ముందూ వెనకా తేదీల సీట్ మ్యాపులు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. రెండు రోజుల తర్వాత పాత విమానమే వెళ్తోంది, ఫస్ట్‌లో ఖాళీ ఉంది. ఫ్లైట్ నంబరు, తేదీ చెప్పి అడిగితే పైసా తీసుకోకుండా మార్చేశారు, మార్పు మొదలైంది వాళ్ళ వైపు నుంచే కాబట్టి. మొదటి ఫోన్‌లోనే ఈ మాట ఎందుకు అనలేదో!

ముందుగా బుక్ చేయమనే సలహా ఇప్పుడూ ఇస్తాను, కాస్త నసుగుతూ. నేను ఒంటరిగా వెళ్తాను, రెండు రోజులు అటూ ఇటూ అయినా అడిగేవాళ్ళు లేరు. పిల్లలతోనో, ముహూర్తానికి అందుకోవాల్సిన పెళ్ళికో వెళ్ళేవాళ్ళకు మాత్రం బిజినెస్సే నయమేమో. ఏ విమానం వేసినా దూరప్రయాణాల్లో ఆ క్యాబిన్ దాదాపు ఉంటుంది.

వచ్చే ప్రయాణానికి మళ్ళీ ఫస్టే తీసుకున్నాను. ప్రతి ఆదివారం సీట్ మ్యాప్ తెరిచి చూసుకుంటున్నాను.