రెండు చిన్న స్పాటింగ్ స్కోపులు కలిపి కట్టించిన బైనాక్యులర్: తేలినీలాపురం, నౌపడల్లో వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపులో కొనే వస్తువు కాదు, కట్టించుకునేది. ఒకే మోడల్ స్పాటింగ్ స్కోపులు (ఒంటికన్నుతో దూరపు పిట్టల్ని పెద్దగా చూసే చిన్న టెలిస్కోపులు) రెండు, ముందు లెన్స్ వెడల్పు 50 మి.మీ., వంపు లేకుండా తిన్నగా చూసే రకం, అల్యూమినియం ప్లేటు మీద పక్కపక్కన బిగించి రెండు కళ్లతో చూడటం. స్కోపులు, ప్లేటు, స్లైడు అన్నీ కలిపి తూకం వేస్తే ఒకటింపావు కేజీ లోపే వచ్చింది. స్కోపుల కంపెనీ ఏదని అడక్కండి, ఈ సైజులో ఏది తీసుకున్నా మంచీ చెడూ దాదాపు ఇవే. రివ్యూ స్కోపులది కాదు, ఈ జత కట్టడం ఎంతవరకు పనికొచ్చిందన్న దాని మీద.

ఐడియా అమెరికా వేటగాళ్లది. అక్కడ అరిజోనా లాంటి చోట్ల ఒక గుట్ట మీద కూర్చుని ఎదుటి గుట్ట వాలంతా గంటల తరబడి వెతుకుతారు, పొదలో జింక చెవి కొన కనిపిస్తుందేమో అని. ఒంటికన్నుతో అంతసేపు చూడలేరు, పెద్ద బైనాక్యులర్ వీపు మీద మోసుకుని కొండెక్కలేరు, అందుకని చిన్న స్కోపులు రెండు కలిపేశారు. మనకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వేట మాటెత్తితే జైలే. కానీ ఒకే చోట కూర్చుని ఒకే చెట్టుని గంటల తరబడి చూసే పని మాత్రం మా శ్రీకాకుళం జిల్లాలో పుష్కలంగా ఉంది. టెక్కలి మండలం తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వానాకాలంలో ఓపెన్‌బిల్ కొంగలొస్తాయి. నౌపడ ఉప్పు మళ్లలో చలికాలమంతా ఉల్లంకి పిట్టలే. (ట్రైపాడ్ మీద రెండు నల్ల గొట్టాలు కనిపిస్తే దారిన పోయేవాళ్లు తుపాకీ అనుకుని ఆగుతారు, దానికి మాత్రం సిద్ధంగా ఉండండి.)

అసలు రెండు కళ్లెందుకు? పెట్టగానే తేడా తెలియదు, అరగంట గడిచాక తెలుస్తుంది. ఒంటికన్ను స్కోపులో రెండో కన్ను మూసి మూసి ముఖమంతా బిగుసుకుపోతుంది, తర్వాత కాసేపు ఆ కన్ను మసకగా ఉంటుంది. రెండు కళ్లతో చూసినప్పుడు మసక తేడాలను పట్టే శక్తి ఒంటికన్ను కన్నా సుమారు 1.4 రెట్లు ఉంటుందని దృష్టి శాస్త్రం వాళ్లు ఎప్పుడో లెక్క తేల్చారు. ఇంకో లాభం వయసు మళ్లినవాళ్లకి. 50 మి.మీ. స్కోపుని 20 రెట్లలో పెడితే కంట్లోకి దిగే వెలుగు కట్ట వెడల్పు 2.5 మి.మీ., 40 రెట్లలో 1.25 మాత్రమే. అంత సన్నటి కట్టలో మన కంట్లో తేలే మచ్చలు, దారప్పోగులు అన్నీ కనిపించి విసిగిస్తాయి. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఈ కంటి మచ్చని ఆ కన్ను పూడ్చేస్తుంది. నాకైతే ఖర్చంతా ఈ ఒక్కదాంతోనే గిట్టుబాటయింది.

రెడీమేడ్‌గా దొరికేవీ ఉన్నాయి. స్వరోవ్‌స్కీ వాళ్ల బీటీఎక్స్ 2017లో వచ్చింది, రెండు కళ్లతో చూస్తాం గానీ ముందున్న లెన్స్ ఒక్కటే, దాని వెలుగునే రెండుగా పంచుతుంది. ధర గురించి ఇంట్లో మాట్లాడలేం. కోవా హైలాండర్ 82 మి.మీ. జంట లెన్సులది, అద్భుతం అంటారు, బరువు ఆరు కేజీల దాకా ఉంటుంది, దాంతో నౌపడ జంక్షన్‌లో పాసింజర్ రైలు దిగి ఉప్పు గట్ల మీద నడవమంటే నా వల్ల కాదు. పోనీ 65 లేదా 80 మి.మీ. స్కోపులు రెండు తెచ్చి కడదామంటే గొట్టాలే ఒకదానికొకటి తగిలిపోతాయి. మన కళ్ల మధ్య దూరం పెద్దవాళ్లలో ఎక్కువమందికి 60 నుంచి 70 మి.మీ. మధ్య ఉంటుంది, గొట్టాల నడిమి గీతలు ఆ దూరానికి దగ్గరికి రావాలి. అందుకే 50, మహా అయితే 55. నావి ఆనుకున్నా సరే 58 కన్నా తగ్గవు.

ఇక ప్లేటు సంగతి. అసలు పనంతా ఇక్కడే ఉంది. గాజు ఎంత మంచిదైనా రెండు గొట్టాలూ ఒకే చోటికి గురి పెట్టకపోతే మిగిలేది తలనొప్పే. అడ్డంగా కాస్త తేడా ఉంటే కళ్లు సర్దుకుంటాయి, నిలువుగా తేడా ఉంటే సర్దుకోలేవు. ఒక కోణ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా 20 రెట్ల స్కోపులో కంటికి 20 నిమిషాలై కూర్చుంటుంది, కాబట్టి నిలువులో ఒక నిమిషం కన్నా తక్కువకి తేవాలి. ఇది చేతిపనిలో ఎంతో చూడండి. బిగింపు స్క్రూల మధ్య దూరం 60 మి.మీ. అనుకుంటే ఒక నిమిషం అంటే 0.017 మి.మీ. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క కింద పెట్టి లెవల్ చేసేద్దాం అనేవాళ్లున్నారు, ఆ రేకు మందం 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది, అంటే ఒకేసారి ఆరు నిమిషాలు, కంటికి దాదాపు రెండు డిగ్రీలు. రేకులతో అయ్యే పని కాదిది. ఎం4 గ్రబ్ స్క్రూ (4 మి.మీ. లావుండే, తల లేని స్క్రూ) ఒక చుట్టుకి 0.7 మి.మీ. కదులుతుంది, అంటే 40 నిమిషాలు, ఒక్క నిమిషానికి తొమ్మిది డిగ్రీలు తిప్పాలి. అది అలెన్ కీతో నిదానంగా చేయొచ్చు.

నా డిజైన్ ఇది: ఎడమ స్కోపు కింది ప్లేటుకి శాశ్వతంగా బిగించి ఉంటుంది, కుడిది మూడు గ్రబ్ స్క్రూల మీద నిలబడి ఉంటుంది, మొత్తం కుడి భాగం ట్రైపాడ్‌లకి వాడే ఆర్కా స్లైడు మీద పక్కకి జరుగుతుంది. మామూలు బైనాక్యులర్‌లా మడత కీలు పెట్టించలేదు. స్లైడు పక్కకి జరగడమే తప్ప తిరగదు, అందుకని ఎవరి కళ్లకి తగ్గట్టు జరిపినా గురి చెడదు. అయితే స్లైడు వదులుగా ఊగకూడదు, బిగించేటప్పుడు ఎప్పుడూ ఒకే గోడకి ఆనించి బిగించాలి. శ్రీకాకుళంలో లేత్ పని దొరికింది గానీ 6 మి.మీ. ప్లేటుకి సరైన మిల్లింగ్ కోసం విశాఖ ఆటోనగర్ పోవాల్సి వచ్చింది. మొదట త్రీడీ ప్రింట్‌లో శాంపిల్ చేయించి చూశా, కొలతలు సరిచూసుకోడానికి మంచిదే, వాడకానికి మాత్రం వద్దు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో అద్దాలేసిన కారులో ఆ వేడి ఎంతసేపట్లో వస్తుందో మనకి తెలియనిదేం కాదు.

గురి కుదర్చడం రాత్రి పూట తేలిక. గురుగ్రహమో ఏదైనా మంచి చుక్కో పట్టుకుని, ఒక స్కోపు ఫోకస్ పూర్తిగా చెడగొడితే అది గుండ్రటి పళ్లెంలా కనిపిస్తుంది, రెండోదాంట్లో చుక్క చుక్కలాగే ఉంటుంది. ఆ చుక్క పళ్లెం నడిమధ్యకి వచ్చేదాకా స్క్రూలు తిప్పడమే. అయ్యాక కళ్లు మూసుకుని ఠక్కున తెరవండి. బొమ్మ ముందు రెండుగా కనిపించి తర్వాత కలిసిందంటే ఇంకా పనుంది. కుదిరాక స్క్రూ మరల మీద కాస్త త్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) వేయండి, ఆటో కుదుపులకి కదలకుండా.

జూమ్ ఉంది కదా అని సంబరపడకండి. రెండు జూమ్‌లు ఎప్పుడూ సమానంగా తిరగవు, ఒకదాంట్లో 22, ఇంకోదాంట్లో 21 ఉంటే పిట్ట ఒక కంటికి పెద్దగా, ఒక కంటికి చిన్నగా కనిపించి బుర్ర గిర్రున తిరుగుతుంది. పైగా జూమ్ తిప్పితే గురి కూడా కాస్త పక్కకి పోతుంది. నేను రెండింటినీ 20 మీద పెట్టి ఎలక్ట్రికల్ టేపు చుట్టేశా, మళ్లీ విప్పలేదు. జూమే కావాలనుకునేవాళ్లు ఈ జోలికి రాకండి, ఈ రెండు స్కోపుల డబ్బుతో ఒక మంచి పెద్ద స్కోపు కొనుక్కోండి. ఫోకస్ కూడా రెండు చేతుల పని. గూటి మీద పిట్టకి ఒకసారి కుదిరితే గంటసేపు ముట్టుకోనక్కర్లేదు. ఎగిరే పిట్టకి మాత్రం ఇది పూర్తిగా వేస్టు, మీరు రెండు ఫోకస్ చక్రాలూ తిప్పేలోగా అది భావనపాడు దాటేస్తుంది. మెడలో మామూలు 8x42 బైనాక్యులర్ ఎలాగూ ఉండాలి.

దగ్గరి పిట్టలూ కుదరవు. గొట్టాలు సమాంతరంగా ఉంటాయి కదా, 50 మీటర్ల దగ్గర కళ్లు ఒకటిన్నర డిగ్రీ లోపలికి తిరిగితే చాలు, సులువే. పది మీటర్ల దగ్గర ఏడు డిగ్రీలు తిరగాలి, కళ్లు లాగేస్తాయి. కాలవ గట్టున లకుముకి పిట్టని దీంతో చూద్దామనుకుంటే ఒక కన్ను మూసుకోవాల్సిందే.

మరి ఎక్కడ బాగుంది అంటే, నౌపడలో పొద్దున్నే. బురదలో ఒకేలా కనిపించే బుల్లి పిట్టల గుంపులో కెంటిష్ ప్లోవర్‌కి మెడ చుట్టూ తెల్ల పట్టీ ఉంటుంది, శాండ్ ప్లోవర్‌కి ఉండదు. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్‌వి పసుపు. ఒంటికన్నుతో వీటిని ఏరుతుంటే కాసేపటికి అన్నీ ఒకటే అనిపించేది, ఇందులో గుంపు మొత్తం ఓపికగా ఏరగలుగుతున్నా. ఎండ పెరిగి ఉప్పు మళ్ల మీద గాలి మరగడం మొదలయ్యాక ఏ గాజూ ఏమీ చేయలేదు, ఒక కన్నైనా రెండైనా అంతే, సర్దుకుని టీ కొట్టుకి పోవడం మంచిది.

తేలినీలాపురంలో ఇంకో సంగతి గమనించాను. స్కోపు అలవాటు లేనివాళ్లని ఒంటి గొట్టంలో చూడమంటే సగం మంది మూయాల్సిన కన్ను తెరిచి ‘ఏమీ లేదు బాబూ’ అని పోతారు. దీని ముందు కూర్చోబెడితే ఆ గొడవ లేదు. ‘ఏటి బాబూ, రెండు గొట్టాలు కట్టేసినావు?’ అంటూ వచ్చిన ఒక పెద్దావిడ కళ్లు ఆనించీ ఆనించకుండానే ‘ఓలమ్మో, పిల్ల తల్లి నోట్లో తలకాయ ఎట్టేసింది సూడు!’ అని చుట్టుపక్కల వాళ్లందర్నీ పిలిచేసింది. ఏళ్ల తరబడి ఆ చెట్టు కిందే తిరుగుతున్న మనిషి, పెలికాన్ పిల్ల మేత తినడం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారట. స్కూలు పిల్లలకి మాత్రం చూపించలేకపోతున్నా, చిన్నవాళ్ల కళ్ల మధ్య దూరం 58 కన్నా తక్కువ, వాళ్లు ఒక గొట్టంలోనే చూడాలి.

సముద్రపు గాలికి మామూలు స్క్రూలు ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టాయి, స్టెయిన్‌లెస్ వేయించుకున్నాక ఆ బాధ లేదు. లెన్స్ మీద ఉప్పు తడి ఆరితే పొడిగా తుడవకండి, గీతలు పడతాయి, ముందు బ్లోయర్‌తో ఊది తర్వాత తడి గుడ్డ. ఇంట్లో మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నా, ఫంగస్ జాడ ఇంతవరకు లేదు. ట్రైపాడ్ మరీ తేలికదైతే తీరం గాలికి బొమ్మ వణుకుతుంది, నడిమి కొక్కేనికి నీళ్ల సీసా ఉన్న సంచి తగిలించండి. కూర్చోడానికి పొట్టి స్టూలు తీసుకెళ్లండి, నిలబడి చూస్తే దీని సుఖం సగం పోతుంది.

కట్టించుకోవాలని ఉంటే స్కోపులు కొనకముందే కళ్లజోళ్ల షాపుకెళ్లి పీడీ (రెండు కంటిపాపల మధ్య దూరం) కొలిపించుకోండి, ఐదు నిమిషాల పని. 58 కన్నా తక్కువొస్తే ఈ సైజు స్కోపులు మీకు కుదరవు. 60 దాటితే ఒకే షాపులో, ఒకేసారి, సీరియల్ నంబర్లు దగ్గరగా ఉన్న రెండు ముక్కలు అడగండి, అక్కడే రెండింటిలోనూ ఒకే బోర్డు మీద అక్షరాలు చూసి రంగు, వెలుగు, పరిమాణం సరిపోలాయో లేదో తేల్చుకున్నాకే డబ్బివ్వండి.