భూతద్దంతో చదవవలసిన నిఘంటువు: 1971 నాటి కాంపాక్ట్ ఆక్స్‌ఫర్డ్

ఇంగ్లీషు మాటకు ఇవాళ్టి అర్థం చెప్పే నిఘంటువులు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. అదే మాటకు ఆరేడు వందల ఏళ్ల కిందట అర్థం ఏమిటో, అక్కడి నుంచి ఇక్కడికి ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం చివరకు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ దగ్గరికే వెళ్లాలి. ఆ మహానిఘంటువును ఇంట్లో పెట్టుకోవడానికి వీలుగా 1971లో వెలువడిన రెండు సంపుటాల కాంపాక్ట్ ప్రతి గురించి ఈ సమీక్ష. ఇది ఇప్పుడు కొత్తగా అచ్చులో లేదు. పాత పుస్తకాల అంగళ్లలోను, ఆన్‌లైన్‌లో వాడిన పుస్తకాలు అమ్మేవారి దగ్గరా వెతుక్కోవలసిందే. నా ప్రతి కూడా అలా చేతులు మారి వచ్చినదే.

కాంపాక్ట్ అన్న పేరు చూసి దీన్ని సంక్షిప్త ప్రతి అనుకోకూడదు. 1884లో భాగాలుగా వెలువడడం మొదలై 1928లో పూర్తయిన మూల నిఘంటువు, 1933లో వచ్చిన అనుబంధం, కలిపి 13 సంపుటాల సరుకును ఒక్క అక్షరం తగ్గించకుండా ఫోటోల ద్వారా కుదించి, పాత పేజీలు నాలుగింటిని కొత్త పేజీ ఒక్కదానిలో ఇమిడ్చారు. రెండు సంపుటాలూ ఒక గట్టి అట్టపెట్టెలో ఉంటాయి. పెట్టె పైభాగంలో చిన్న సొరుగు, ఆ సొరుగులో ఒక భూతద్దం. అద్దం అలంకారానికి ఇచ్చినది కాదు. ఎంత చురుకైన చూపున్నవారైనా అది లేకుండా నాలుగు వరుసలు కుదురుగా చదవలేరు.

మామూలు నిఘంటువు వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు చెబుతుంది. ఇది అన్నిటికన్నా పాత అర్థంతో మొదలుపెట్టి, ప్రతి అర్థం కిందా ఆ మాట ఏ సంవత్సరంలో, ఎవరి రచనలో ఎలా వచ్చిందో వాక్యాలతో సహా వరుసగా చూపుతూ వస్తుంది. వాడుక పోయిన అర్థానికి ముందు కటారి గుర్తు ఉంటుంది. ఆ కటారులను వెతుక్కుంటూ పేజీ మీద అద్దం జరుపుకుంటూ పోవడమే ఈ పుస్తకంలోని అసలు వినోదం.

రోజుకు పదిసార్లు మన నోట పలికే ‘నైస్’ సంగతి చూడండి. ఏమీ తెలియనివాడు అనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చి, ఇంగ్లీషులో మొదట తెలివితక్కువ అనే అర్థంలో స్థిరపడింది. తర్వాత విచ్చలవిడి అనీ, అతి సుకుమారం అనీ, ఏదీ ఒక పట్టాన నచ్చని స్వభావం అనీ, అతి సూక్ష్మమైనది అనీ నానా రకాలుగా తిరిగి, పద్దెనిమిదో శతాబ్దానికి గాని ‘బాగున్నది’ అనే ఇప్పటి అర్థానికి చేరలేదు. పదహారు, పదిహేడు శతాబ్దాల వాక్యాలలో చాలాచోట్ల రచయిత ఏ అర్థంలో వాడాడో చెప్పడం కష్టమని సంపాదకులు అక్కడే ఒప్పుకున్నారు. నిఘంటుకారులు ఇంత నిజాయితీగా చేతులెత్తేయడం నాకు భలే నచ్చింది.

‘లెట్’ కథ ఇంకా విచిత్రం. అనుమతించు అనే లెట్ ఒకటి, అడ్డగించు అనే లెట్ మరొకటి. పాత ఇంగ్లీషులో వేరువేరు రూపాలున్న రెండు క్రియలు కాలక్రమంలో అరిగి ఒకే రూపానికి వచ్చాయి. నన్ను ఆపబోయినవాణ్ణి దయ్యాన్ని చేస్తానని హామ్లెట్ బెదిరించేది ఈ రెండో లెట్‌తోనే. ఇది పోయిన మాటేనని కొట్టివేయడానికి లేదు. టెన్నిస్‌లో సర్వీసు బంతి వలను తాకి అవతలి గడిలో పడితే అనే లెట్ ఇదే. మన భారత పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట, దీన్ని ధరించినవారిని ఏ ఆటంకమూ లేకుండా పోనివ్వవలసిందని కోరే వాక్యంలో ఉన్న ‘లెట్’ కూడా ఇదే. అమెరికా వెళ్లే మన పిల్లలందరూ ఆ మాటను జేబులో పెట్టుకునే విమానం ఎక్కుతున్నారు.

‘మీట్’ అంటే మొదట ఏ ఆహారమైనా. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో దేవుడు ఆదికాండంలో మనుషులకు గింజలనూ పండ్లనూ ‘మీట్’గా ఇస్తాడు, తెలుగు బైబిలు అక్కడ ఆహారమనే అంటుంది. మిఠాయికి ఇంగ్లీషులో ‘స్వీట్‌మీట్’ అనే పేరుండడానికి కారణం ఇదే; పూర్తి శాకాహారుల దుకాణానికి ఆ మాటతో బోర్డు కట్టినా తప్పు లేదు. ‘డీర్’ అంటే మొదట ఏ జంతువైనా, తర్వాత లేడి. ఇది మనకు వింత కానే కాదు: మృగరాజు అన్నప్పుడు మృగం జంతువు, మృగనయన అన్నప్పుడు లేడి. ‘గర్ల్’ ఒకప్పుడు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ చెల్లిన మాట. ఇంకా ‘క్విక్’ అంటే ప్రాణమున్నది, ‘క్లూ’ అంటే దారపు ఉండ, ఇలా చెప్పుకుంటూ పోతే ఈ సమీక్ష తెమలదు.

తెలుగువారు మొదటి సంపుటంలో తప్పక తెరవవలసిన చోటు ‘బాండికూట్’. అది మన పందికొక్కే అని నిఘంటువు స్పష్టంగా తెలుగు పేరు చెప్పి మరీ రాసింది. ఆ మాట తర్వాత ఆస్ట్రేలియాకు వెళ్లి అక్కడి మరొక జంతువుకు పేరయింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి గొప్ప ప్రయత్నం మనకూ ఉన్నది గాని, ప్రతి అర్థానికీ సంవత్సరం వేసి వరుస పేర్చిన నిఘంటువు తెలుగులో లేని లోటు ఇలాంటి పేజీల దగ్గర బాగా తెలుస్తుంది.

ఇక ఇబ్బందులు. అద్దం అంచుల దగ్గర అక్షరాలు వంగిపోతాయి కాబట్టి వరుస చివర వరకు దాన్ని జరుపుతూనే ఉండాలి. ట్యూబులైటు వెలుగు చాలక పక్కన టేబులు లైటు కూడా పెట్టుకోవాలి. సంపుటం బరువు ఒళ్లో పెట్టుకుని చదివే రకం కాదు. అంతకన్నా పెద్ద లోపం, ఇందులో ఉన్నది ప్రధానంగా విక్టోరియా కాలపు పండితుల విజ్ఞానం. సంపాదకుడు జేమ్స్ మరే 1915లోనే, పని పూర్తికాకముందే కన్నుమూశాడు. ఆ తర్వాతి పరిశోధనలో చాలా మాటలకు ఇంకా పాత ప్రయోగాలు బయటపడ్డాయి కాబట్టి, ఇందులోని మొదటి తేదీని ఆఖరి మాటగా తీసుకోకూడదు.

ఈ లోపానికి మందు 2000 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ నిఘంటువు. ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్కతేల్చింది అదే. ‘ప్రీపోన్’ మన ఆఫీసుల్లో పుట్టిన తప్పు ఇంగ్లీషు అని వెక్కిరించేవారికి కూడా అక్కడ జవాబు ఉన్నది: ముందు ఉంచుకొను అనే అర్థంలో ఆ మాట 1549లోనే ఉన్నది, ముందుకు జరుపు అనే మన అర్థంలో 1913లో న్యూయార్క్ టైమ్స్‌లో కనిపించింది. అయితే అక్కడ పూర్తిగా చదవాలంటే చందా కట్టాలి. పైగా తెర మీద వెతికిన మాట ఒక్కటే ఎదుటపడుతుంది. ఒకదానికోసం తెరిచి ఇరుగుపొరుగు మాటలన్నీ చూసి వచ్చే సౌకర్యం కాగితానిదే. తేదీ సరిచూసుకోవడానికి ఆన్‌లైనూ, తీరికగా చదువుకోవడానికి ఈ ప్రతీ అని నేను పంచుకున్నాను.

రోజువారీ ఇంగ్లీషు కోసం, పిల్లల పరీక్షల కోసం దీన్ని కొనవద్దు. వారికి ఇది అక్కరకు రాకపోగా అయోమయం పెంచుతుంది. పాత ఇంగ్లీషు సాహిత్యం చదివేవారూ, అనువాదకులూ, మాటల మీద మమకారం ఉన్నవారూ చవకగా దొరికితే వదులుకోకండి. కొనేముందు సొరుగు లాగి అద్దం ఉన్నదో లేదో చూడండి. చాలా ప్రతులకు అది ఎక్కడో జారిపోయి ఉంటుంది, లేకపోతే ధర తగ్గించమని అడగవచ్చు, ఏదైనా మంచి భూతద్దంతో పని నడుస్తుంది. రెండు సంపుటాల వెన్నులూ విడిపోకుండా ఉన్నాయేమో తెరిచి చూడండి. 1987లో ఇదే పద్ధతిలో అనుబంధాలతో మూడో సంపుటం వచ్చింది గాని, పాత అర్థాల కోసమే అయితే ఆ ఖర్చు అవసరం లేదు.