క్రిస్మస్ వేళ వియన్నా: చూడవలసినవి, బస, పండుగనాటి మూతలు

డిసెంబరులో వియన్నా వెళ్ళదలచిన వారు అన్నిటికంటే ముందు తేదీలు తేల్చుకోవాలి. ఆస్ట్రియాలో అసలు పండుగ 24వ తేదీ సాయంత్రమే. అక్కడి సంప్రదాయంలో పిల్లలకు కానుకలు తెచ్చేది బాల ఏసు రూపమైన క్రిస్ట్‌కిండ్. ఆ సాయంత్రం చెట్టుకు దీపాలు వెలిగించి కుటుంబమంతా ఇంట్లోనే గడుపుతుంది కాబట్టి మధ్యాహ్నానికే దుకాణాలు మూతపడతాయి, క్రిస్మస్ మార్కెట్లు కూడా పెందలాడే కట్టేస్తాయి. 25, 26 తేదీలు రెండూ సెలవులే. పండుగనాడే వీధుల్లో సందడి ఉంటుందనుకుని 24న దిగేవారికి మూసిన తలుపులే ఎదురవుతాయి. అమ్మానాన్నలనూ పిల్లలనూ వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి బయలుదేరిన మేము ఈ సంగతి ముందే తెలుసుకుని, పండుగకు వారం ముందుగా చేరుకున్నాం. ఆ నిర్ణయం వల్లనే మా యాత్ర ఫలించింది.

వియన్నాలో డిసెంబరు సంతకు 1298లోనే అనుమతి లభించిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మార్కెట్ నగర సభాభవనమైన రాట్‌హౌస్ ముందు జరుగుతుంది. 1975 నుంచి దానికి అదే చోటు. గోథిక్ శైలి గోపురం కింద చెట్లనిండా దీపాలు, వరసగా చెక్క దుకాణాలు కనబడుతుంటే పిల్లలు ఎంతకీ కదలరు. అయితే చీకటి పడ్డాక, ముఖ్యంగా శని ఆదివారాల్లో, అడుగు తీసి అడుగు వేయలేనంత జనం ఉంటారు. అమ్మే వస్తువుల్లో చాలావరకు ఏ ఊళ్ళోనైనా దొరికేవే. కనుక రాట్‌హౌస్‌ను చూడడానికి ఉంచుకుని, కొనుగోళ్ళకు కార్ల్స్‌ప్లాట్జ్ వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. 1713 నాటి ప్లేగు తరువాత మొక్కుగా కట్టిన కార్ల్స్‌కిర్షె చర్చి ముందు జరిగే ఆ మార్కెట్‌లో కుమ్మరి పని, వెండి నగలు, తోలు సంచులు చేసినవారే కూర్చుని అమ్ముతారు, అడిగితే ఎలా చేశారో ఓపికగా చెబుతారు. ఎండాకాలంలో నీటి కొలనుగా ఉండే చోట చలికాలంలో గడ్డి పరిచి పిల్లలను ఆడుకోనిస్తారు. మా పిల్లలకు వియన్నా మొత్తంలో అన్నిటికంటే నచ్చిన చోటు అదే.

ఏడవ జిల్లాలోని ష్పిటల్‌బెర్గ్ మార్కెట్ మైదానంలో జరగదు, పాత ఇళ్ళ మధ్య ఇరుకు సందుల్లో జరుగుతుంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళితే జనం పలచగా ఉంటారు. నాలుగు దాటగానే చీకటి పడుతుంది కాబట్టి దీపాల వెలుగూ చూడవచ్చు. రాళ్ళు పరిచిన నేల తడిస్తే జారుతుంది, పెద్దవారికి పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. ఫ్రైయుంగ్ మార్కెట్ చిన్నది, దారిలో పడితే చూసి రావచ్చు.

తిండి విషయంలో మనవారికి దిగులు అవసరం లేదు. కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, బంగాళాదుంప తురుముతో వేసిన అట్లు, వెల్లుల్లి రాసిన లాంగోష్ అనే హంగరీ పూరీ, జున్ను కలిపిన పిండి ముద్దలైన ష్పెట్స్‌లె దాదాపు అన్ని మార్కెట్లలో దొరుకుతాయి. శాకాహారులు మాత్రం నూనె, పంది మాంసం ముక్కల గురించి అడిగి తీసుకోవాలి. వేడివేడిగా ఇచ్చే పానీయమైన పున్ష్‌లో మద్యం ఉంటుంది. అది వద్దనుకునేవారు పిల్లల కోసం పండ్ల రసంతో చేసే కిండర్‌పున్ష్ అడగవచ్చు. కప్పుకు బయానా తీసుకుంటారు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి వస్తుంది, నచ్చితే కప్పునే ఉంచుకోవచ్చు. మంచినీళ్ళ సీసాలు కొననవసరం లేదు. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊట నీరే గొట్టాల ద్వారా ఊరికి వస్తోంది, కుళాయి నీరు హాయిగా తాగవచ్చు.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాత ఊరిని చుట్టిన రింగ్ రోడ్డు లోపల ఉండే హోటళ్ళు చూడముచ్చటగా ఉంటాయి, కానీ డిసెంబరులో వాటి ధర మధ్యతరగతి కుటుంబానికి భారమే. పెద్దవారు, పిల్లలు ఉంటే వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోవడం అన్నివిధాలా మేలు, ఎందుకంటే సెలవు రోజుల్లో భోజనశాలలు చాలావరకు తెరవరు, తెరిచినవి ముందుగా బుక్ చేసుకున్న వారితో నిండిపోతాయి. మేము ప్రధాన రైల్వే స్టేషనుకు దక్షిణాన, ఒకటవ నంబరు మెట్రో మార్గంలో దిగాం. ఊరి నడిబొడ్డున ఉన్న స్టెఫాన్స్‌ప్లాట్జ్‌కు నేరుగా వెళ్ళగలిగాం, అన్నం వండుకుని ఆవకాయతో తిన్నాం. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వియన్నా పాత భవనాల్లో కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య మెజ్జనీన్ వంటి అంతస్తులు ఉండవచ్చు, కాబట్టి ప్రకటనలో మొదటి అంతస్తు అని రాసినా ఎక్కవలసిన మెట్లు అంతకంటే ఎక్కువే కావచ్చు. లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టాలి.

రవాణా విషయంలో ఈ నగరానికి పూర్తి మార్కులు ఇస్తాను. విమానాశ్రయం నుంచి వీన్ మిట్టే స్టేషనుకు 16 నిమిషాల్లో చేర్చే ప్రత్యేక రైలు ఉంది, కానీ మరికొన్ని నిమిషాల్లో అక్కడికే వచ్చే మామూలు ఎస్‌7 రైలు చాలా చవక. మెట్రోలో అడ్డుగేట్లు ఉండవు, అలాగని టికెట్ లేకుండా ఎక్కరాదు. తనిఖీలో దొరికితే జరిమానా గట్టిగా వేస్తారు.

చలి భరించలేని వేళ మ్యూజియాలే ఆశ్రయం. జాతీయ మ్యూజియాల్లో 19 ఏళ్ళలోపు వారికి ప్రవేశం ఉచితం, ఇది పిల్లలున్న కుటుంబానికి చిన్న వెసులుబాటు కాదు. మరియా తెరేసియా చౌకులో ఒకవైపు కళా చరిత్ర మ్యూజియం, ఎదురుగా ప్రకృతి చరిత్ర మ్యూజియం, మధ్యలో మరో క్రిస్మస్ మార్కెట్ ఉంటాయి. కళా చరిత్ర మ్యూజియంలో బ్రూగెల్ 1565లో వేసిన మంచులో వేటగాళ్ళ చిత్రం ముందు నాన్నగారు చాలాసేపు నిలబడిపోయారు. బయట అనుభవిస్తున్న చలినే నాలుగున్నర శతాబ్దాల కిందటి పల్లెలో చూడడం అక్కడ మాత్రమే కుదురుతుంది. షోన్‌బ్రున్ రాజభవనంలో మొత్తం 1441 గదులు ఉన్నా సందర్శకులకు చూపించేవి నలభై చిల్లర మాత్రమే. సమయం నిర్ణయించిన టికెట్ ముందుగా కొనకపోతే చలిలో వరుసలో నిలబడవలసి వస్తుంది. స్టెఫాన్ కెథీడ్రల్ దక్షిణ గోపురానికి 343 మెట్లు ఉన్నాయి, పెద్దవారిని ఎక్కించవద్దు. ఉత్తర గోపురానికి లిఫ్టు ఉంది. ఇరవై టన్నులకు పైగా బరువున్న పుమ్మెరిన్ గంటను అక్కడే దగ్గరగా చూడవచ్చు.

24 నుంచి 26 వరకు కావలసిన సరుకులు 23కల్లా తెచ్చుకోవాలి. 26 తరువాత రాట్‌హౌస్ మార్కెట్ ఉండదు, షోన్‌బ్రున్ మార్కెట్ కొత్త సంవత్సరం మార్కెట్‌గా కొనసాగుతుంది. జనవరి 1న వియన్నా వాద్యబృందం జరిపే ఫిల్‌హార్మోనిక్ కచేరీకి, ముందురోజు రాత్రి సంబరాలకు దేశదేశాల జనం వస్తారు కాబట్టి నెలాఖరున గదుల అద్దెలు మళ్ళీ పెరుగుతాయి. పైగా ఆ కచేరీ టికెట్లను నెలల ముందే లాటరీ తీసి కేటాయిస్తారు. డబ్బు లెక్క చూసుకునే కుటుంబాలు 16 ప్రాంతంలో చేరి 27న తిరుగు ప్రయాణం పెట్టుకోవడమే మంచిది.