గేరు ఆయిల్లోకి నీళ్లు: చేతిపంపు టెస్టర్ ఐదు వేట సీజన్లు వాడాక

బోటు వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌లో లోయర్ యూనిట్ (గేర్లు, ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) విప్పకముందే ఆయిల్ ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి వాడే చేతిపంపు ఇది. గాలి ఎక్కిస్తుంది, మీట తిప్పితే గాలి లాగేస్తుంది. గేజిలో ఒక పక్క ప్రెషరు, ఇంకో పక్క వ్యాక్యూమ్ కనిపిస్తాయి. యానాం, భైరవపాలెం వైపు తిరిగే బోట్ల మీద, 9.9 నుంచి 40 హెచ్‌పీ దాకా ఇంజిన్లకి వాడాను. కొనదగ్గ వస్తువే. కాకపోతే ప్రెషరు ఒక్కటే చూసి వదిలేస్తే సగం డబ్బు వృథా.

ఎందుకంటే మన బోట్లలో ఆయిల్ బయటికి పోవడం కంటే నీళ్లు లోపలికి రావడమే ఎక్కువ. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా వెళ్లొచ్చిన ఇంజిన్ లోయర్ యూనిట్ వేడిగా ఉంటుంది. రేవులో ఆపగానే చల్లటి నీటిలో ఆ వేడి దిగి, లోపలి గాలి ముడుచుకుని నీళ్లని లాగుతుంది. బయటికి ఆయిల్ వదలని సీలు (షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) కూడా లోపలికి నీళ్లు వదలొచ్చు. అది వ్యాక్యూమ్ టెస్టులోనే తెలుస్తుంది.

అసలు అది గేరు ఆయిలేనా అన్నది ముందు తేల్చుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజిన్లలో ప్రొపెల్లర్ మధ్య నుంచి నల్లగా, జిడ్డుగా కారేది చాలాసార్లు పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ కాలకుండా మిగిలిందే, పొగతో పాటు వచ్చి అక్కడ పేరుకుంటుంది. వేళ్ల మధ్య రుద్దితే పెట్రోలు, పొగ వాసన వస్తుంది. గేరు ఆయిల్ చిక్కగా సాగుతుంది, గంధకం వాసన ఘాటుగా కొడుతుంది. ఈ తేడా చూడక మంచి సీళ్లు పీకేసిన ఇంజిన్లు ఎన్నో.

బోటుని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే లోయర్ యూనిట్ కింది స్క్రూ (ఆయిల్ దింపేది) వదులు చేయండి. ముందు నీళ్లు, తర్వాత ఆయిల్ వస్తే నీళ్లు ఊరుతున్నట్టే. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు అప్పటికే గేర్లలో కలిసి తిరిగాయి, బేరింగులు కూడా చూడాలి. స్క్రూ మొనకి సన్నటి బూడిదలాంటి పొడి ఉంటే భయం లేదు. గోరుకి తగిలే ముక్కలుంటే గేర్లు విప్పాల్సిందే.

ఆయిల్ పూర్తిగా దింపాక కింది స్క్రూ కొత్త వాషరుతో బిగించి, పై స్క్రూ రంధ్రానికి పంపు గొట్టం తగిలించే అడాప్టర్ ఎక్కించాలి. స్క్రూ మర సైజు ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. కొన్నిటికి 8 మిల్లీమీటర్లు, కొన్నిటికి 3/8 అంగుళం. ముందు 5 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కించి ఆగండి, తర్వాత 10. నేరుగా 10కి పోతే గాలి ఒత్తిడికి సీలు పెదవి (షాఫ్ట్‌ని తాకే లోపలి అంచు) షాఫ్ట్‌కి గట్టిగా అతుక్కుని చిన్న లీకు దాగిపోతుంది. అయిదు నిమిషాలు సూది కదలకూడదు. ఆ సేపట్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ చేత్తో తిప్పుతూ, గేరు ముందుకీ వెనక్కీ మారుస్తూ ఉండాలి. తిప్పితేనే బయటపడే లీకులుంటాయి. సబ్బునీళ్లు చల్లొచ్చు గానీ, నీళ్ల డ్రమ్ములో ముంచితే బుడగ ఎక్కడ నుంచి లేస్తోందో స్పష్టంగా కనిపిస్తుంది. మాన్యువల్లో లేకపోతే 15 దాటొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ఈ పని అసలు చేయొద్దు, సీళ్లు ఎగిరిపోతాయి.

తర్వాత మీట తిప్పి చేసే వ్యాక్యూమ్ టెస్టులో బుడగలుండవు. సూది పడుతుంటే అనుమానమున్న సీలు చుట్టూ చిక్కటి ఆయిల్ రాయండి. సూది ఆగిందంటే దొంగ అక్కడే దొరికినట్టు.

మన నీళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు. ప్రొపెల్లర్ తీసి వెనక వాషర్ జరిపితే నైలాన్ వల దారం షాఫ్ట్ చుట్టూ కరిగి, గాజు ఉంగరంలా గట్టిపడి, సీలు పెదవిలోకి కోసుకుపోయి ఉంటుంది. దాన్ని లాగొద్దు, బ్లేడుతో కోసి తీయాలి. తర్వాత గోరుతో షాఫ్ట్ మీద గీరండి. సీలు కూర్చునే చోట గోరు ఆగితే కొత్త సీలు వేసినా నెలకే కారుతుంది. అలాంటప్పుడు హౌసింగులో చోటుంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి, లేదా షాఫ్ట్ మార్చాలి. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీటి ఇసుక ఈ గాడిని త్వరగా కోస్తుంది.

బేరింగుల షాపులో సైజు కలిసిందని సీలు తెచ్చి వేస్తుంటారు. సైజు ఒక్కటే చాలదు. పెదవి చుట్టూ ఉండే స్ప్రింగు స్టెయిన్‌లెస్ కాకపోతే ఉప్పునీటికి తుప్పు పట్టి తెగుతుంది. ఆ సీలు ధర తక్కువే, కానీ మళ్లీ విప్పే కూలి ఎక్కువ. పాత సీళ్లు ఏ వైపుకి తిరిగి ఉన్నాయో ఫోటో తీసుకోండి. అన్ని ఇంజిన్లలో ఒకలా ఉండవు. స్ప్లైన్ల (షాఫ్ట్ మీది పళ్లలాంటి గాళ్ల) మీద సన్నటి టేపు చుట్టి, పెదవుల మధ్య గ్రీజు నింపి, సీలు బయటి కొలతకి సరిపోయే సాకెట్‌తో సమంగా దిగగొట్టాలి.

టాప్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి కిందికి దిగే షాఫ్ట్) సీలు వాటర్ పంపు కింద ఉంటుంది. అక్కడిదాకా విప్పాక ఇంపెల్లర్ (పంపులో తిరిగే రబ్బరు చక్రం) కూడా మార్చేయడం మేలు.

టెస్టర్ లోపాలకి వస్తే, రబ్బరు గొట్టం రెండో సీజనుకే ఉప్పుగాలికి పగిలింది. డీజిల్ గొట్టం ముక్క వేసుకుంటే మళ్లీ ఇబ్బంది రాలేదు. ఇనుప అడాప్టర్లు తుప్పు పట్టాయి, ఇత్తడివి బాగున్నాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు, అడాప్టర్‌కి ఉండే ఓ రింగే (గుండ్రటి రబ్బరు వాషరే) గాలి వదలడం. అందుకే ప్రతిసారీ ముందు పంపు మూతి వేలితో మూసి, సూది నిలుస్తుందో లేదో చూసుకోవాలి. లేకపోతే పంపు లీకుకి ఇంజిన్‌ని విప్పినట్టవుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఈ పనంతా అప్పుడే చేసుకోవాలి. బిగించాక ఆయిల్ కింది రంధ్రం నుంచే నింపాలి, పై నుంచి పొంగి వచ్చేదాకా. 15 హెచ్‌పీకి పావు లీటరు చుట్టూ, 40కి నాలుగు వందల చిల్లర మిల్లీలీటర్లు పడుతుంది. మీ ఇంజిన్ పుస్తకంలోని అంకె చూసుకోండి. పై స్క్రూ ముందు బిగించి, తర్వాతే కింది గొట్టం తీసి ఆ స్క్రూ పెట్టండి. మొదటి పది గంటల వేట అయ్యాక మళ్లీ ఒక రాత్రి ఆపి, కింది స్క్రూ నుంచి రెండు చుక్కలు తెల్ల గుడ్డ మీద వేసి చూడండి.