68 అని చెప్పి ఫ్రేమ్ అంటగట్టాడు, వైజాగ్‌లో రోడ్ బైక్ బిల్డ్ చేసేవాళ్లు జాగ్రత్త

గాజువాక వైపు నుంచి తెల్ల కార్బన్ ఫ్రేమ్ అమ్మకానికి పెట్టినోడు గుర్తున్నాడుగా, ఫోర్క్‌తో కలిపి 28 వేలు అన్నాడే, ఆడి దగ్గర ఎవరూ ఏమీ కొనకండి. నేను కొన్నాను, అయిపోయింది.

నా దగ్గర షిమానో 105 క్రాంక్ (పెడల్స్ బిగించే చేతులు, ఇరుసు), బీఎస్ఏ కప్పులు (ఫ్రేమ్‌లోకి మరలతో బిగించే బేరింగ్ కప్పులు) రెడీగా ఉన్నాయి. అదే విషయం ముందే చెప్పి మరీ అడిగాను, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగ్ భాగం, పొట్టిగా బీబీ) ఏంటి బ్రో, నా కప్పులు పడతాయా అని. "68 ఎంఎం బ్రో, షిమానో పక్కాగా పడుద్ది, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. షెల్‌కి, అంటే ఫ్రేమ్ అడుగున ఆ కప్పులు పట్టే గొట్టానికి, రెండువైపులా బ్రౌన్ టేప్ అతికించి ఉంటే ఇదేంటని అడిగాను, బీచ్ రోడ్ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అంట. కార్బన్ ఫ్రేమ్‌కి తుప్పు! అది విని కూడా ఫోన్‌పే కొట్టిన మహానుభావుణ్ణి నేను.

ఇంటికొచ్చి టేప్ పీకి కప్పు పెడితే తిరగడం మాట అటుంచండి, సరాసరి లోపలికి జారిపోయింది. స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసిన మా బాబాయి వేలు పెట్టి చూసి "ఇందులో మరలేవిరా?" అన్నాడు. వెర్నియర్ పెడితే వెడల్పు 68 కరెక్టే, లోపలి రంధ్రం మాత్రం 46, నున్నగా ఉంది. పీఎఫ్30 అది, అంటే మరలు లేకుండా కప్పుల్ని నొక్కి దిగ్గొట్టే రకం. పైగా గోడలకి పాత గ్లూ పెచ్చులు, అంటే తొక్కేటప్పుడు వచ్చే కిర్రుకిర్రు ఆపడానికి ముందే ఎవడో తంటాలు పడ్డాడన్నమాట.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "నువ్వు 68 కదా అడిగావు, 68 ఇచ్చాను, కావాలంటే కొలుచుకో." అరేయ్ 68 అన్నది నువ్వురా బాబూ! నేనడిగింది నా కప్పులు పడతాయా అని. చాట్ స్క్రీన్‌షాట్ పంపితే "బైకులు తెలీకపోతే షోరూమ్‌లో కొనుక్కోవాలి, మా టైమ్ ఎందుకు తింటారు" అని నవ్వే బొమ్మ ఒకటి పెట్టి బ్లాక్ చేశాడు. డబ్బులకన్నా ఆ నవ్వే బొమ్మకి ఒళ్లు మండిపోతోంది నాకు.

ఇప్పుడు పీఎఫ్30 షెల్‌లో 24 ఎంఎం స్పిండిల్ (నా క్రాంక్ ఇరుసు) పట్టే బీబీ విడిగా కొనాలి, రెండు కప్పులూ మధ్యలో ఒకదాన్నొకటి బిగించుకునే రకం అయితే కిర్రు తక్కువ అంటున్నారు, చూడాలి. నా బీఎస్ఏ కప్పులు అలమారాలో.

కొనేవాళ్లు ఒక్క వెడల్పు అడిగి ఊరుకోకండి, రోడ్ ఫ్రేముల్లో బీఎస్ఏ, బీబీ30, పీఎఫ్30 మూడూ 68 వెడల్పే. మరలు ఉన్నాయా, లోపలి వ్యాసం ఎంత అని అడగండి, కప్పులూ టేపులూ లేకుండా ఫొటో తీయించండి. నున్నగా ఉండి 42 అయితే బీబీ30, 46 అయితే పీఎఫ్30, 41 ఉండి వెడల్పు 86.5 అయితే బీబీ86. మరలుండి వెడల్పు 70 ఉంటే ఇటాలియన్, దానికీ బీఎస్ఏ కప్పు పట్టదు.

అన్నట్టు ఇవాళ ఆడే ఇంకో పేరుతో వీల్‌సెట్ (చక్రాల జత) పెట్టాడు, ఫొటోలో అదే గోడ, అదే టేప్ కట్ట. వెనక హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు 130ఆ 142ఆ అని అడిగి చూడండి, చక్రం గుండ్రంగానే ఉంది బ్రో అంటాడు.