మిర్చికి జ్వరం, మాకు మాల్గుడి డేస్ – 4 స్టార్లు

ముందే చెప్తున్నా, ఇది సగం సీరియల్ రివ్యూ, సగం మా కుక్క సంగతి. రెండూ విడదీసి రాయడం నా వల్ల కాలా.

మా మిర్చి నాటు కుక్క, ఐదేళ్ళది, నెల్లూరు వేదాయపాళెంలో మా వీధి వీధంతా దానికి చుట్టాలే. చేపల పులుసు వాసనొస్తే గేటు దూకేసే జీవి పోయిన నెల్లో ముక్క తీసి నోటికాడ పెట్టినా మొహం తిప్పేసుకునింది, ఒళ్ళు కాలిపోతా ఉంది, చిగుళ్ళు తెల్లంగా పాలిపోయినాయి. మొదట తీసకపోయిన క్లినిక్కులో రక్తం కూడా తియ్యకుండా జ్వరం ఇంజెక్షన్ పొడిచి పంపించేశారు, ఆ నమ్మకంతో రెండ్రోజులు పోగొట్టుకున్నాం. ఇంకో డాక్టరు చెవి మడత తిప్పి గోమార్లు ఏరి చేతిలో పెట్టి చూపించి అప్పటికప్పుడే టెస్ట్ చేయించాడు. టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుడితే వచ్చే జ్వరం. ప్లేట్‌లెట్లు 38 వేలు, మామూలుగా 2 లక్షల పైన ఉండాలంట. సెలైన్ ఎక్కించి, డాక్సీసైక్లిన్ 28 రోజులు రాశాడు, అది ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది కాబట్టి రెండు ముద్దలన్నా తినిపించాకే వెయ్యాల. (పక్కింటాయన చెప్పాడని మనం వేసుకునే జ్వరం బిళ్ళ వెయ్యబోయా, డాక్టర్ దగ్గర గట్టిగానే తిట్లు తిన్నా. మీరు వెయ్యబాకండి.)

ఆఫీసుకి సెలవు పెట్టి హాల్లో చాపేసుకోని దాని పక్కనే పడున్నా. ఊరికే ఎంతసేపు కూర్చుంటాం, ఏదో కొత్త వెబ్ సిరీస్ పెట్టా, రెండు నిమిషాలకోసారి తుపాకులు, అరుపులు, మిర్చి ఉలిక్కిపడి అంత నీరసంలో కూడా మంచం కిందకి దూరింది. అప్పుడు మాల్గుడి డేస్ పెట్టా. ఆర్.కె. నారాయణ్ కథలని శంకర్ నాగ్ దూరదర్శన్‌కి తీసింది. మొదటి 39 ఎపిసోడ్లు ఆయనవి, 2006లో కవితా లంకేష్ ఇంకో 15 తీసింది. టైటిల్స్‌లో ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు, వెనకాల ఎల్. వైద్యనాథన్ ట్యూను, ఆ తానా న తాననకి మిర్చి ఒక చెవి లేపింది చూడండి, మూడ్రోజుల తర్వాత అదే మొదటిసారి. ఒక్కో ఎపిసోడ్ దగ్గర దగ్గర 22 నిమిషాలు, నేను మిర్చికి సిరంజితో నీళ్ళు పట్టాల్సింది కూడా అంత సేపటికోసారే, అలారం పనే లేకపోయింది.

మా అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా సీరియల్లో స్వామి అనే పిల్లోడి నాయన కళ్ళజోడు సర్దుకుంటే చాలు, "అచ్చం మీ నాయనేరా" అని ఒకటే నవ్వు. ఆ నాయన గిరీష్ కర్నాడే, మన ఆనంద భైరవిలో కూచిపూడి గురువు. స్వామిగా వేసిన మంజునాథ్ యాక్టింగ్ చేస్తా ఉన్నట్టే ఉండదు, నిజంగానే హోంవర్క్ చెయ్యని పిల్లోడు మన ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టుంటాడు. షూటింగ్ తీసిన ఊరేమో కర్ణాటకలో ఆగుంబే, ఆ వానా ఆ మండువా ఇళ్ళూ చూస్తా ఉంటే మా నెల్లూరు ఎండలో ఫ్యాన్ కింద కూర్చున్న సంగతి కాసేపు మర్చిపోయా.

లోపాలు లేకపోలేదు. ప్రింటు వెలిసిపోయింది, రాత్రి సీన్లలో ఎవరు ఎవరో తెలీదు, దక్షిణాది ఊళ్ళో చుట్టూ అందరూ హిందీ మాట్లాడతా ఉంటే మొదట్లో నోట్లో రాయి తగిలినట్టుంటది. ఇంకోటి, పుస్తకంలో స్వామి పడే భయాలన్నీ నారాయణ్ మూతి బిగబట్టి నవ్వుతా చెప్తాడు కదా, తెరమీద ఆ నవ్వు సగమే వచ్చింది. నేను ఒక స్టార్ కోసింది దానికే, ప్రింటుకి కాదు.

కానీ పోస్ట్‌మ్యాన్ కథ ఒకటుంది, ది మిస్సింగ్ మెయిల్. (కథ తెలీకూడదనుకుంటే ఈ పేరా వదిలెయ్యండి.) తానప్ప ఉత్తరాలిచ్చే ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి, అదే టైముకి బంధువు పోయాడని కబురొస్తే పెళ్ళి ఆగిపోతుందని ఇవ్వకుండా దాచేస్తాడు, అయ్యాక తెచ్చిచ్చి కావాలంటే నామీద కంప్లైంట్ ఇచ్చుకోండి అంటాడు. అది అయిపోయాక అమ్మా నేనూ ఇద్దరం గమ్మున కూర్చున్నాం. ఎందుకంటే మిర్చిని చిన్నప్పుడు కాలవ గట్టు మీద నుంచి ఎత్తుకొచ్చింది మా అక్క. పూణేలో ఉంటుంది, ఇప్పుడు ఎనిమిదో నెల. చెప్పొద్దన్నది అమ్మ. ఫోన్ చేసినప్పుడల్లా మిర్చి నిద్రపోతా ఉందే అని నాచేతే చెప్పించింది. "ఆ పోస్టాయన చేసింది కరెక్టేరా" అన్నది అమ్మ. నేను కాదన్నా. ఇంత పాత సీరియల్ మీద మా ఇంట్లో గొడవ జరిగిందంటే ఇంకేం రివ్యూ కావాలి.

పన్నెండో రోజు ప్లేట్‌లెట్లు 1 లక్షా 10 వేలు. మిర్చి లేచి చేప ముక్క తినింది, ముల్లు తీసే పెట్టాంలెండి. ఆ సంతోషంలో అమ్మే అక్కకి వీడియో కాల్ చేసి దాన్ని చూపించింది.

"ముందు కాలికి బొచ్చు ఎందుకు గొరిగారు?" అన్నది అక్క. సెలైన్ సూది పెట్టిన చోటు.

"ఎండలు కదమ్మా" అన్నది అమ్మ.

"ఒక్క కాలికేనా ఎండ?"

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి పోయింది.